ఫైలు ఎవరి ఫోనులో ఉంది చెల్లీ?

ముందు నీ ఫోను ఓసారి చేతిలోకి తీసుకో. అందులో నీ ఆస్పత్రి ఫైలు నంబరు ఉందా? ఇన్సూరెన్సు కార్డు ఫొటో ఉందా? పోనీ, కిందటిసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నావు కదా, ఆ రిపోర్టు ఎవరి ఫోనుకి వచ్చింది? "మా ఆయనకే అక్కా" అంటావని తెలుసు. మస్కట్‌లోని ఈ రూవిలో మన తెలుగిళ్ళలో ఎవర్ని కదిపినా ఇదే జవాబు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఫ్యామిలీ వీసా మీద కొత్తగా దిగిన రోజుల్లో మనకింకా ఇక్కడి సిమ్ము లేదు. ఓ రాత్రి జ్వరమొస్తే ఆయనే తీసుకెళ్ళాడు, కౌంటర్లో అమ్మాయి నంబరు అడిగితే ఆయనే చెప్పాడు. అప్పటినుంచి నీ ఫైలు ఆ నంబరుకే అంటుకుపోయింది. ఆ తర్వాత ఆయనకి దుక్మ్‌లో సైటు పడుతుంది, లేదా సొహార్‌లో, లేదా దక్షిణాన మర్ముల్ వైపు ఆయిల్ ఫీల్డులో. "రేపు సాయంత్రం మీ అపాయింట్‌మెంటు" అన్న మెసేజి ఎక్కడో ఎడారి క్యాంపులో ఆయన జేబులో టింగుమంటుంది. నువ్వేమో హైస్ట్రీట్ వెనక ఫ్లాటులో కూర్చుని "ఆస్పత్రివాళ్ళు ఫోనే చెయ్యలేదు" అనుకుంటూ ఉంటావు.

అందుకని ఈ నెల నేను పట్టుబట్టి చెప్పేది ఇదొక్కటే. ఆయన తోడు రావద్దని కాదు. వస్తే హాయే. కానీ అపాయింట్‌మెంటు నీ నోటితో, నీ ఫోనులోంచి నువ్వే తీసుకోవాలి. ఫైల్లో నంబరు మార్పించడానికి అయిదు నిమిషాలు చాలు. ఈసారి వెళ్ళినప్పుడు బతాకా (రెసిడెంట్ కార్డు) చూపించి, "ఇకనుంచి ఈ నంబరుకే మెసేజి పెట్టండి" అను. ఆయన నంబరు రెండోదిగా ఉంచమను.

"నాకు హిందీ రాదక్కా, ఇంగ్లీషంటే చచ్చేంత భయం" అంటావా? రూవి సంగతి నీకు తెలీదా ఏమిటి! రిసెప్షన్లో కూర్చునేది చాలాచోట్ల మలయాళీ అమ్మాయి. హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ, తమిళం అన్నీ కలిపి కొట్టేస్తుంది. పేషంట్ల దగ్గర నేర్చుకున్న "కూచోండి, వస్తారు" కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఆమెకి కావలసినవి నాలుగే ముక్కలు: నీ పేరూ ఫైలు నంబరూ, ఏ డాక్టరు, ఏ రోజు, ఇన్సూరెన్సా క్యాషా. "మేడమ్, గైనిక్ అపాయింట్‌మెంట్ చాహియే, లేడీ డాక్టర్" అంటే చాలు, పని అయిపోతుంది. వ్యాకరణానికి అక్కడ మార్కులు వెయ్యరు. నోరు రాకపోతే వాట్సాప్ చెయ్యి. చాలా ఆస్పత్రులు ఇప్పుడు వాట్సాప్‌లోనే సమయం ఇస్తున్నాయి. ఆ మెసేజి మర్నాడు చూపించడానికి కూడా పనికొస్తుంది.

రూవిలో డాక్టర్లకి కొదవ లేదు. హైస్ట్రీట్ మొదలుకొని గడియార స్తంభం దాకా, ఎంబీడీ ఏరియా, అటు హమ్రియా, ఇటు దార్సైత్, వాదీ కబీర్ - ఏ వీధిలో నిలబడినా ఓ క్లినిక్కు బోర్డు కనబడుతుంది. బదర్ అల్ సమా మొదలైంది ఈ రూవిలోనే, 2002లో. దార్సైత్‌లో కిమ్స్ ఉంది. వాటి మధ్యలో పంటి క్లినిక్కులు, కళ్ళ క్లినిక్కులు, ఆయుర్వేదం, హోమియో. ఇన్ని ఉండడమే ఒక్కోసారి చిక్కు. ఎటు వెళ్ళాలో తేలక, చివరికి పక్క ఫ్లాటావిడ ఎటు వెళ్ళిందో మనమూ అటే నడుస్తాం.

ఒకప్పుడు ఇక్కడ ఆ చిక్కే లేదు తెలుసా? మనం కూరగాయలు కొనుక్కుంటూ తిరిగే ఈ రూవిలో 1973 దాకా విమానాలు దిగేవి. బైత్ అల్ ఫలజ్ కోట పక్కనే మస్కట్ విమానాశ్రయం ఉండేది. సీబ్‌లో కొత్తది కట్టాక ఇది మూసేశారు. వైద్యమంటే అప్పట్లో పక్కనున్న మత్రాలోని అమెరికన్ మిషన్ ఆస్పత్రే పెద్ద దిక్కు. షారన్ థామ్స్ అనే అమెరికన్ డాక్టరు 1909లో మత్రాలో వైద్యం మొదలుపెట్టాడు. 1913లో టెలిఫోను తీగ లాగుతూ స్తంభం మీదనుంచి పడి చనిపోయాడు. చూడు, మనం చేతిలో ఫోను పెట్టుకుని అపాయింట్‌మెంటు అడగడానికి మొహమాటపడుతున్నాం, ఆయనేమో ఆ తీగ కోసమే ప్రాణం పోగొట్టుకున్నాడు! ఆయన కొడుకు వెల్స్ థామ్స్ కూడా డాక్టరై, 1939లో అదే మత్రాకి వచ్చి మూడు దశాబ్దాలు వైద్యం చేశాడు. సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కిన 1970 నాటికి దేశం మొత్తమ్మీద ఆస్పత్రి పడకలు పన్నెండని చెబుతారు. అక్కణ్ణుంచి ముప్పయ్యేళ్ళు తిరిగేసరికి, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాల వైద్య వ్యవస్థలకి వరస వేస్తే ఒమన్ ఎనిమిదో స్థానంలో నిలబడింది. మన దేశం ఆ పట్టికలో నూరుకి అవతల ఎక్కడో ఉంది. అందుకే "ఇక్కడ వైద్యం ఏం బావుంటుందిలే, ఊరికెళ్ళి చూపించుకుంటా" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఊరికెళ్ళే సంగతికి తర్వాత వస్తాను.

సరే, ఏ తలుపు తట్టాలి? మనవాళ్ళకో అలవాటుంది. తలనొప్పి అనగానే న్యూరాలజిస్టు, నడుం పట్టేస్తే ఆర్థో, గుండెల్లో మంటంటే నేరుగా కార్డియాలజిస్టు. కింద నుంచి పైకి జనరల్ డాక్టరు, స్పెషలిస్టు, కన్సల్టెంటు అని మెట్లున్నాయి, మెట్టు మెట్టుకీ ఫీజు పెరుగుతుంది. రియాలంటే రెండొందల పైచిలుకు రూపాయలు, గుర్తుంది కదా! జ్వరం, దగ్గు, కడుపునొప్పి, నీరసం, బీపీ, షుగరు - వీటికి ముందు జనరల్ డాక్టరు చాలు. ఒంట్లో బాగున్నప్పుడే ఇంటికి దగ్గర్లో ఒక జనరల్ డాక్టర్ని కుదుర్చుకో. ఆడమనిషైతే మరీ మంచిది. బీపీ చూపించుకునే వంకతో ఒకసారి వెళ్ళు. నీ మాట పూర్తిగా వింటుందా, కంప్యూటర్ వంక చూస్తూనే చీటీ రాసేస్తుందా అన్నది ఆ ఒక్కసారిలోనే తెలిసిపోతుంది. నచ్చకపోతే ఇంకొకరు. డాక్టర్ని మారిస్తే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు, ఇదేమైనా పెళ్ళి సంబంధమా?

ఆవిడే ఆ తర్వాత నిన్ను ఎటు పంపాలో చెబుతుంది. ఆవిడ రాసిన రెఫరల్ కాగితం చేతిలో ఉంటే స్పెషలిస్టు దగ్గరా, ఇన్సూరెన్సు దగ్గరా పని తేలికవుతుంది.

వాట్సాప్ గ్రూపుల గురించి రెండు ముక్కలు చెప్పాలి. దార్సైత్‌లో ఇండియన్ సోషల్ క్లబ్ ఉంది, అందులో తెలుగువాళ్ళ విభాగం ఉంది. ఉగాదికీ దీపావళికీ కలుస్తాం, నంబర్లు తీసుకుంటాం, గ్రూపులు కడతాం. ఇన్నాళ్ళ ఉపకారం కాదనను. కొత్తగా వచ్చిన పిల్లకి ఏ గైనకాలజిస్టు ఓపిగ్గా మాట్లాడుతుందో, ఏ పిల్లల డాక్టరు దగ్గర గంటలు గంటలు కూర్చోవాలో చెప్పేది ఆ గ్రూపులే. కానీ డాక్టరు పేరు అడిగే చోట మందు పేరు అడగడం మొదలైందంటే ఆ గ్రూపులోంచి కళ్ళు తిప్పుకో. "మా వాడికి ఈ సిరప్ పనిచేసింది" అని బాటిల్ ఫొటో పెడతారు. ఆ పిల్లాడి బరువెంత, నీ పిల్లాడి బరువెంత? ఎవరైనా డాక్టరు పేరు చెప్పినా ఒక ప్రశ్న తిరిగి అడుగు: "మీరు ఏ జబ్బుకి వెళ్ళారు?" మోకాళ్ళు బాగుచేసిన డాక్టరు మహానుభావుడే, నీ మైగ్రేనుకి ఆయనేం చేస్తాడు?

ఇక ఇన్సూరెన్సు. ఇక్కడే ఇళ్ళలో అసలు రభస. ఉద్యోగి వైద్యం యజమాని చూడాలని ఇక్కడి కార్మిక చట్టం చెబుతుంది. భార్యాపిల్లల సంగతి మాత్రం కంపెనీ కంపెనీకీ మారుతుంది. కొందరికి అందరూ ఉంటారు, కొందరికి ఆయన ఒక్కడే. కార్డు మీద నీ పేరుందో లేదో నీకు తెలుసా? ఆయన్ని అడిగితే "ఉందనుకుంటా" అంటాడు. ఉందనుకుంటే కుదరదు, కార్డు చూడాలి. దాంతోపాటు పాలసీ కాగితం ఒకటుంటుంది, అది హెచ్.ఆర్. దగ్గర అడిగి తెప్పించుకో. అందులో నువ్వు చూడాల్సినవి: ఏయే ఆస్పత్రులు ఆ నెట్‌వర్కులో ఉన్నాయి, ప్రతిసారీ నీ చేతినుంచి ఎంత కట్టాలి, కాన్పు ఉందా, పంటి వైద్యం ఉందా, ముందునుంచీ ఉన్న జబ్బులకి వర్తిస్తుందా. చిన్న అక్షరాలే, కళ్ళజోడు పెట్టుకుని చదువు.

అప్రూవల్ అనే మాట వినే ఉంటావు. మామూలు కన్సల్టేషన్‌కి కార్డు గీకితే సరిపోతుంది. ఎమ్మారై అనో, ఫిజియోథెరపీ అనో, చిన్న ఆపరేషన్ అనో రాశారంటే ఆస్పత్రివాళ్ళు ముందు ఇన్సూరెన్సు కంపెనీకి పంపి, వాళ్ళు సరేనన్నాకే చేస్తారు. ఒక్కోసారి గంటలో వస్తుంది, ఒక్కోసారి రోజులు పడుతుంది. కౌంటర్ దగ్గర నిలబడి ఆ అమ్మాయి మీద అరిచి లాభం లేదు, ఆమె చేతిలో ఏమీ లేదు. "పంపారా? ఏ తేదీన పంపారు? రాగానే ఈ నంబరుకి చెప్పండి" అని మాత్రం అడుగు. కాదన్నారంటే ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా ఇమ్మను. చాలాసార్లు డాక్టరు రాసిన కారణం చాలక వెనక్కి వస్తుంది. డాక్టరు రెండు వాక్యాలు ఎక్కువ రాస్తే అదే కాగితం రెండోసారి నెగ్గుతుంది.

ఇన్సూరెన్సు లేదా? అయితే ఫోనులోనే అడిగెయ్యి: ఫీజెంత, మళ్ళీ చూపించుకోవడానికి వస్తే ఎన్ని రోజుల్లోపల ఫీజుండదు, డాక్టరు రాసిన టెస్టులకి క్యాషు ధర ఎంత. మనవాళ్ళకి పట్టుచీర బేరమాడ్డానికి లేని సిగ్గు ఇక్కడెందుకో వస్తుంది. "ఈ టెస్టు ఇప్పుడే తప్పనిసరా, మందు వాడి చూశాక చెయ్యచ్చా?" అని డాక్టర్నే అడగచ్చు. మంచి డాక్టరు కోపగించుకోడు. కోపగించుకున్నాడంటే, పోనీలే, అదీ ఓ సమాచారమే.

రూవిలో ఏ వేళకి వెళ్ళాలో కూడా ఒక లెక్కుంది. చాలా క్లినిక్కులు పొద్దున ఒకపూట, సాయంత్రం ఒకపూట నడుస్తాయి. మధ్యాహ్నం వెళ్తే స్పెషలిస్టు ఉండకపోవచ్చు. వారాంతం శుక్ర, శనివారాలు (2013కి ముందు గురు, శుక్రాలు ఉండేవి, పాతవాళ్ళు ఇప్పటికీ తడబడతారు). గురువారం సాయంత్రం, శనివారం సాయంత్రం ఇసకేస్తే రాలదు. మగవాళ్ళకి ఖాళీ దొరికే వేళలవే మరి. నీకు ఆ ఖర్మ ఎందుకు? పిల్లలు స్కూలు బస్సెక్కాక సోమవారమో మంగళవారమో పొద్దున వెళ్ళు, నడిచిపోయే దూరమైతే ఆయన కారు కోసం ఎదురుచూసే పని కూడా లేదు. టాక్సీ అయితే ఎక్కేముందే "షేరింగ్" అనో "ఎంగేజ్" అనో తేల్చుకో, లేదంటే దిగేటప్పుడు గొడవ. రంజాన్ నెలలో వేళలన్నీ మారిపోతాయి, రాత్రి పొద్దుపోయేదాకా డాక్టర్లుంటారు. ఫోను చెయ్యకుండా వెళ్ళకు. రాలేకపోతే ఆ సంగతి కూడా ఫోను చేసి చెప్పు తల్లీ. మనం వదిలేసిన సమయం ఎవరో చంటిపిల్ల తల్లికి దొరుకుతుంది.

వెయిటింగ్ హాల్లో ఓ తమాషా జరుగుతుంటుంది. నర్సు తలుపు తీసి "వెంకటా!" అని కేకేస్తుంది. ఎవరూ లేవరు. మళ్ళీ "వెంకటా!" ఆ మూల కూర్చున్న లక్ష్మి మనల్ని కాదనుకుంటుంది. పాస్‌పోర్టులో ఆమె పేరు వెంకట నాగలక్ష్మి, కంప్యూటర్‌కి కనబడింది మొదటి ముక్క. ఇంటిపేరు పిలిచినా అంతే, పుట్టింటిదో అత్తింటిదో తేలక మనం ఆలోచించుకునేలోపు తర్వాతి వాళ్ళు లోపలికి పోతారు. నీ పాస్‌పోర్టు తెరిచి, నిన్ను ఏ పేరుతో పిలిచే అవకాశముందో చూసుకుని వెళ్ళు. ఒకే ఆస్పత్రిలో రెండు పేర్లతో రెండు ఫైళ్ళున్న వాళ్ళు కూడా ఉన్నారు. పాత రిపోర్టు ఒకదాంట్లో, కొత్తది ఇంకోదాంట్లో. అలాంటిదుంటే కలిపెయ్యమని కౌంటర్లో అడుగు.

లోపలికి వెళ్ళాక నీకు దొరికేది ఓ పది నిమిషాలు. అందులో అయిదు "ఏం లేదు డాక్టర్, ఊరికే నీరసం" దగ్గరే అయిపోతాయి. బయటికొచ్చాక మెట్ల మీద గుర్తొస్తుంది, అసలు చెప్పాల్సింది చెప్పనేలేదని. ముందురోజు రాత్రే తెలుగులో రాసుకో: ఎప్పణ్ణుంచి, ఎక్కడ, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది, ఆఖరి నెలసరి తేదీ ఏది, ఏ మందు పడదు. వాడే మందుల అట్టలు ఓ కవర్లో వేసుకెళ్ళు. "తెల్ల మాత్ర, గుండ్రంగా ఉంటుంది" అంటే డాక్టరేం చేస్తుంది?

పిల్లల్ని మాత్రం దుబాసీలుగా తీసుకెళ్ళకు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. ఇండియన్ స్కూల్లో చదివే పిల్ల ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది కదా అని పదకొండేళ్ళ కూతుర్ని పక్కన కూర్చోబెట్టి తెల్లబట్ట గురించీ, రక్తస్రావం గురించీ చెప్పించే తల్లులున్నారు. ఆ పిల్ల సగం అర్థం కాక, సగం సిగ్గుతో ఏదో ఒకటి చెబుతుంది. నీ జబ్బూ తేలదు, దాని మనసులో ఏ భయం పడిందో నీకు తెలీదు. ఆయన పక్కనుంటే చెప్పలేని మాటలు కూడా ఉంటాయి. "మీరు కాసేపు బయట కూర్చోండి" అని ఆయనతో అనడానికి ఇబ్బందైతే నర్సుతో చెప్పు, ఆమె నెమ్మదిగా ఆయన్ని పంపేస్తుంది, వాళ్ళకది అలవాటే. అవసరమైతే ఫోనులో ఓ తెలుగు స్నేహితురాల్ని స్పీకర్‌లో పెట్టుకో, డాక్టర్ని అడిగి.

ఇప్పుడు ఊరి సంగతి. "జూన్‌లో ఊరెళ్తాం కదక్కా, అక్కడ చూపించుకుంటా." ఈ మాట నవంబరులో అంటారు! మన ఇండియన్ స్కూళ్ళకి ఎండాకాలం సెలవులిచ్చేదాకా రొమ్ములో గడ్డ ఆగుతుందా? హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మంచి డాక్టర్లున్నారు, నిజమే. చేరాక ఏం జరుగుతుంది? మొదటి వారం అత్తగారిల్లు, రెండో వారం పుట్టిల్లు, మూడో వారం తమ్ముడి పెళ్ళి, తిరుపతి, చీరలు. ఆఖరి మూడు రోజుల్లో హడావిడిగా ఓ ఫుల్ బాడీ చెకప్. రిపోర్టు విమానమెక్కాక వాట్సాప్‌లో వస్తుంది. దాన్ని చూసి చెప్పే డాక్టరు అక్కడ, నువ్విక్కడ. మామూలు చెకప్‌కి ఆ పద్ధతి సరేలే. గడ్డ, ఆగని రక్తస్రావం, కారణం లేకుండా బరువు తగ్గడం, నెలసరి ఆగిపోయాక మళ్ళీ రక్తం కనబడడం - వీటికి సెలవుల లెక్క లేదు, ఈ వారమే.

ఒమన్ క్యాన్సర్ అసోసియేషన్ అని ఒకటుంది. క్యాన్సర్‌ని ఎదుర్కొని బయటపడ్డ యూథర్ అల్ రవాహీ అనే ఒమానీ మహిళ దాన్ని 2004లో మొదలుపెట్టింది. మామోగ్రామ్ యంత్రాన్ని బండిలో పెట్టి ఊళ్ళకి తిప్పిన సంస్థ అది. నలభై దాటినవాళ్ళు వాళ్ళకి ఫోను చేసి, బండి ఎప్పుడు ఎక్కడికి వస్తుందో, మనలాంటివాళ్ళకి ఎలా ఇస్తారో కనుక్కోండి.

ఊరినుంచి మందులు తెచ్చుకోవడం గురించి కూడా. థైరోనార్మ్ అని ఇక్కడి ఫార్మసీలో అడిగితే దొరక్కపోవచ్చు. లెవోథైరాక్సిన్ అని, ఎన్ని మైక్రోగ్రాములో చెప్పి అడుగు. అలాగే గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, ఇక్కడ గ్లూకోఫాజ్. డోలో అంటే పారాసిటమాల్, ఇక్కడ పెనడాల్. అట్ట మీద బ్రాండు కింద చిన్నగా రాసి ఉండే అసలు పేరు ఫోనులో రాసి పెట్టుకో. నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు మాత్రం డాక్టరు చీటీ లేకుండా సూట్‌కేసులో వేసుకురావద్దు. అలాంటి మందుల మీద ఇక్కడి కస్టమ్స్‌కి పట్టింపు ఎక్కువ. పక్కింటివాళ్ళు "మా అమ్మకి ఓ పొట్లం" అని ఇచ్చినా అందులో ఏముందో చూడకుండా తీసుకోకు.

మనసు బాగోలేకపోతే? నాలుగ్గోడల మధ్య, ఆయన సైట్లో, పిల్లలు స్కూల్లో, ఏసీ శబ్దం తప్ప ఇంకో చప్పుడు లేని పగళ్ళు చాలామందికి తెలుసు. నిద్ర పట్టదు, ఊరికే ఏడుపొస్తుంది, వంట మీద ధ్యాసుండదు. దానికీ డాక్టర్లున్నారు. రూవి చుట్టుపక్కల పెద్ద ప్రైవేటు ఆస్పత్రుల్లో సైకియాట్రిస్టు ఉన్నారేమో ఫోనులో అడుగు. ప్రభుత్వం తరఫున అమరాత్‌లో అల్ మసర్రా అని దీనికోసమే ఆస్పత్రి ఉంది. ముందుగా మీ జనరల్ డాక్టరు దగ్గరే ఆ మాట ఎత్తినా చాలు.

అత్యవసరమైతే అపాయింట్‌మెంటూ లేదు, అప్రూవలూ లేదు. 9999కి ఫోను. ఛాతీలో నొక్కేస్తున్న నొప్పి, మూతి ఓ పక్కకి లాగడం, మాట తడబడడం, ఊపిరందకపోవడం, పెద్ద కాలిన గాయం - పక్కింటివాళ్ళ సలహా కూడా వద్దు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాలిన గాయాలకీ, యాక్సిడెంట్లకీ ఖౌలా ఆస్పత్రి పేరున్నది, గుండెకి ఘుబ్రాలోని రాయల్ ఆస్పత్రి. ఎటు తీసుకెళ్ళాలో అంబులెన్సువాళ్ళకి తెలుసు, నువ్వు చెప్పాల్సింది నువ్వెక్కడున్నావో. మనం "స్టార్ సినిమా వెనకాల" అనే అలవాటులో ఉన్నాం. ఇంటికి వే నంబరు, బిల్డింగు నంబరు ఉంటాయి. గేటు దగ్గర చూసి, ఫ్లాటు నంబరుతో సహా రాసి, ఫ్రిజ్ తలుపుకి అంటించు. పిల్లలకి కూడా నేర్పించు. దుబాసీ పని వద్దన్నాను గానీ, ఈ పని వాళ్ళకి తెలియాలి.

ఈ ఫ్లాటు కబుర్లన్నీ ఇళ్ళలో పనిచేసే మన అక్కచెల్లెళ్ళకి సరిపోవు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వచ్చినవాళ్ళు రూవిలో, చుట్టుపక్కల ఎంతమందో. వాళ్ళ బతాకా ఒక్కోసారి వాళ్ళ చేతిలోనే ఉండదు, ఇక ఫైలెక్కడ! జబ్బు చేస్తే వైద్యం చేయించాల్సింది పనిలో పెట్టుకున్నవాళ్ళే. చేయించకపోతే మన ఎంబసీకి చెప్పుకోవచ్చు. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ అనుమతి కావలసిన) పాస్‌పోర్టుతో సక్రమంగా వచ్చినవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్ళకి 275, మూడేళ్ళకి 375 రూపాయలు ప్రీమియం కట్టి వస్తారు, ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షలు. ఆ కాగితం ఊళ్ళో ట్రంకుపెట్టెలో ఉండి, ఇక్కడ మనిషికి తన పేరుమీద బీమా ఉన్న సంగతే తెలియని సందర్భాలున్నాయి. శుక్రవారం బజారులో కలిసినప్పుడు ఓ ముక్క అడుగు: "బతాకా ఫొటో, పాస్‌పోర్టు ఫొటో, బీమా నంబరు ఫోనులో పెట్టుకున్నావా?" లేకపోతే పక్కన నిలబడి ఊరికి ఫోను చేయించి తెప్పించు. ఎంబసీ దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి కూడా ఉంది, కష్టంలో పడ్డవాళ్ళ కోసం 2009 నుంచి నడుస్తోంది.

ఉద్యోగాలు చేసే చెల్లెళ్ళు అడిగారు, కాన్పు సెలవు ఎంతని. 2023 కార్మిక చట్టం, 53వ నంబరు రాజ శాసనం, దాన్ని 98 రోజులు చేసింది. అంతకుముందు యాభయ్యే.

ఇక్కడ కాన్పు అనుకుంటున్నావా? అయితే డాక్టరు కన్నా ముందు చూసుకోవాల్సింది పెళ్ళి సర్టిఫికెట్టు. ఆస్పత్రిలో అడుగుతారు, బిడ్డ పుట్టాక జనన పత్రానికి అడుగుతారు. శుభలేఖా, ఫొటోలూ పనికిరావు, సబ్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైనదే కావాలి. దాని మీద మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర ఉండాలి. ఫ్యామిలీ వీసాకి ఆ పని అయ్యే ఉంటుంది, అసలు కాగితం ఎక్కడుందో వెతుకు. అందులో నీ పేరు, పాస్‌పోర్టులో నీ పేరు, బతాకాలో నీ పేరు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడు. ఒకదాంట్లో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదాంట్లో అత్తింటిది ఉంటే, నాలుగో నెల లోపలే మొదలుపెట్టు సవరణ. తొమ్మిదో నెలలో కౌంటర్ల చుట్టూ తిరగలేవు.